వస్తానన్నవాళ్లూ, పోతానన్నవాడూ

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర పొద్దు పొడిచినా ఆ చివరివాళ్లకి ఇంకా కలలు తెమలనంత పెద్ద అడవిలో, జంతువులన్నీ ప్రతి పున్నమికీ మడుగు దగ్గర కలుసుకునేవి.

కలుసుకుని చేసేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. నీళ్లలో చందమామ ఊగుతుంటే గట్టుమీద కూర్చునేవాళ్లు. "ఏమిటే, ఇలా చిక్కిపోయావు?" అని ఒకరంటే, "నీ కంట పడింది, మా ఆయనకి కనపడనే లేదు" అని ఇంకొకరు కళ్లొత్తుకునేవాళ్లు. అలిగినవాళ్లు కూడా ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చేది. కాసేపు మూతి ముడుచుకుని, ఆనక ఎవరో తుమ్మితే ఇద్దరూ నవ్వేసేవాళ్లు.

వెళ్లేటప్పుడు మాత్రం ఒక పద్ధతి ఉండేది. ఎవరూ "పోతా" అనేవాళ్లు కాదు. ఆ మాట అశుభం. ఇంటికి పోయేవాడు కూడా "వస్తా మరి" అనే అంటాడు. అది విని వాడు వస్తాడని ఎవరూ ఎదురు చూసేవాళ్లు కాదు. ఎందుకంటే నోరు "వస్తా" అంటూ ఉండగానే మొహం అటు తిరిగిపోయేది, తోక ఇటు కనపడేది. తోకను చూస్తే సంగతి తెలిసిపోయేది.

ఈ పద్ధతి పాటించనివాడు అడవి మొత్తానికి ఒక్కడే, ముళ్లపంది గరగరయ్య. నడుస్తుంటే ఒంటిమీది ముళ్లు గరగరమంటాయని ఆ పేరు. పిలవకపోయినా వస్తాడు. వచ్చినవాడు దుంపలున్నంతసేపూ కదలడు. కదిలేటప్పుడు "పోతున్నా" అని మొహం మీదే అనేసి పోతాడు.

"అదేం మాట గరగరయ్యా, వస్తా అనరాదూ?" అని కుందేలు చెవులమ్మ తన చెవులు రెండూ మూసుకునేది.

"వచ్చినప్పుడు వచ్చానంటాను, పోయేటప్పుడు పోతున్నానంటాను. నడుమ నీకొచ్చిన కష్టమేమిటి?"

నిజానికి కష్టమేమీ లేదు. అయినా ఆయనంటే ఎవరికీ పడేది కాదు.

ఆ అడవిలో గుంటల బెడద ఒకటి ఉండేది. ఎప్పుడో వేటగాళ్లు తవ్వి వదిలేసినవి. వాటిని పూడ్పిస్తానని మాటిచ్చి నక్క సంధానయ్య ఎన్నికల్లో గెలిచాడు. "అడవిలో ఒక్క గుంట మిగిలినా నన్ను గుంటనక్క అని పిలవండి" అన్నాడు. ఆ ధైర్యానికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పుట్టుకతోనే గుంటనక్క అన్న సంగతి ఆ చప్పట్లలో ఎవరికీ తట్టలేదు.

గెలిచినప్పటి నుంచీ పున్నమి వస్తోందంటే ఆయనకి జ్వరం వచ్చేది. మిగతా రోజుల్లో ఏ చెట్టు చాటుకో తప్పుకునేవాడు గానీ, మడుగు దగ్గర అన్ని కళ్లూ ఒకేసారి మీద పడేవి.

"గుంటల పని ఎంతవరకు వచ్చింది పెద్దగారూ?" అని ఎలుగుబంటి భల్లయ్య అడిగేవాడు.

"పనిలోనే ఉన్నాం అన్నయ్యా."

"గోళ్లకి మట్టి అంటలేదే మరి" అనేవాడు గరగరయ్య.

సంధానయ్య గోళ్లు లోపలికి ముడుచుకునేవాడు. అబద్ధమాడడం ఆయనకి కష్టం కాదు. ఆడేటప్పుడు ఎదురుగా ఎవరో కూర్చుని ఉండడమే కష్టం.

అందుకని ఒక పున్నమికి ఆయన చిలకల మందను వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా బంధువులారా," అన్నాడు గొంతులో తేనె పోసుకుని. "ఈ మంచులో, ఈ ముళ్లదారుల్లో మీరింత దూరం నడిచి వస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది. ఇకనుంచి మీరు కదలక్కర్లేదు. గడపకో చిలక. మీరొక మాటంటే మీ చిలక ఎగిరివెళ్లి మిగతా చిలకలకి చెబుతుంది, అవి అందరికీ చెబుతాయి. మాట్లాడే ఓపిక లేదనుకోండి, ఊరికే చిలక చేత రెక్క ఎత్తించండి. విన్నాను, బాగుంది, నీ వెంటే ఉన్నాను, అన్నీ ఆ రెక్కలోనే ఉంటాయి. దీనికి పలుకుల గూడు అని పేరు పెట్టాను. నెలకోసారి ఎందుకు, ఇక మనకి రోజూ పున్నమే."

రోజూ పున్నమే అన్న మాట జింక చుక్కమ్మ గుండెల్లోకి సూటిగా దిగింది. వాగు ఒడ్డున చంటిపిల్లతో ఒంటరిగా ఉండే మనిషి. మాటలంటే ప్రాణం. ఎవరైనా కాస్త మెత్తగా మాట్లాడితే ఆ మాటను వారం రోజులు నెమరు వేసుకునే రకం. అడవంతా ఇక తన గుమ్మంలోనే ఉంటుందనుకుని ఆమె ఇంటిదాకా గెంతుతూ వెళ్లింది.

గూడు మొదలైంది. చెప్పొద్దూ, ఆ అడవిలో అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ లేదు.

పొద్దున్నే చెవులమ్మ చిలక వచ్చేది. "శుభోదయం. ఈ రోజు మీ బతుకు లేత గడ్డిలా మెత్తగా ఉండాలి." పక్క కలుగులో ఉన్న సొంత చెల్లెలికి కూడా చిలకతోనే చెప్పేది. భల్లయ్య వైద్యం చెప్పేవాడు. "వేపాకు తేనెలో నూరి తాగితే తుమ్ము దగ్గర్నుంచి తోక విరగడం దాకా అన్నీ తగ్గుతాయి. మీరు తాగకపోయినా పదిమందికి చెప్పండి." నెమలి పింఛయ్య మబ్బు పట్టినప్పుడల్లా ఆడేవాడు. ఆ ఆటను చూసినవాళ్లు లేరు. చిలకలే "ఇప్పుడు కుడికి తిరిగాడు, ఇప్పుడు మెడ ఊపాడు" అని చెబుతుంటే అడవంతా రెక్కలెత్తేది. "దాచకుండా చెప్పండి, ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఒకసారి ఎవరో దాచకుండా చెబితే అన్నం మానేశాడు.

ఎవరైనా గుంటల మాట ఎత్తితే నక్కగారి చిలక "పరిశీలనలో ఉంది" అనేది. ఆ వెంటనే పింఛయ్య ఆడేవాడు. లేచిన రెక్కల కింద గుంట కనపడకుండా పోయేది.

మడుగు గట్టు ఖాళీ అయింది. పున్నమికి చందమామ ఒక్కడే వచ్చి, నీళ్లలో తన మొహం తనే చూసుకుని పోయేవాడు. నడిచేవాళ్లు లేక దారుల మీద గడ్డి మొలిచింది. దారులతో పాటు గుంటల మీద కూడా మొలిచి, పచ్చగా, ముచ్చటగా అల్లుకుపోయింది. "మన అడవిలో గుంటలు కనపడకుండా పోయాయి" అని సంధానయ్య గూట్లో ప్రకటించాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గూటికి పడనివాడు గరగరయ్య ఒక్కడే. చిలకతో మాట్లాడినా చివర "పోతున్నా" అనడం మానలేదు. పైగా పాత అలవాటు చొప్పున ఇంటింటికీ నడిచి వచ్చేవాడు. చుక్కమ్మకి కూడా ఒళ్లు మండి ఒకనాడు గూట్లో అనేసింది.

"నిన్న ఈయన మా వైపు వచ్చాడు. ఆ గరగరకి నిద్రలో ఉన్న నా పిల్ల అదిరిపడి లేచి గుట్ట ఎక్కేసింది. ఏదైనా ఉంటే గూట్లో చెప్పొచ్చు కదా, ఇలా ఒళ్లేసుకుని రావాలా?"

ఎన్ని రెక్కలు లేచాయో. చుక్కమ్మకి అంత ఆదరణ పుట్టాక ఎప్పుడూ దొరకలేదు. సంధానయ్య "గూటి మర్యాద దృష్ట్యా" గరగరయ్యను తీసేశానని చెప్పాడు. గరగరయ్య గడప మీది చిలక ఎగిరిపోయింది. తన గురించి ఎవరేమన్నారో ఆయనకి చాన్నాళ్ల తర్వాత, జామచెట్టు మీద రెండు చిలకలు వాగుకుంటుంటే తెలిసింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం చుక్కమ్మ మేతకి బయల్దేరింది. వాగు అప్పటికింకా ఎండే ఉంది. ఆ ఇసుకలో చల్లటి పొద చూసి పిల్లను పడుకోబెట్టింది.

"కదలకు తల్లీ. వస్తా."

జింకపిల్లలకి అమ్మ వస్తానంటే వచ్చేదాకా కదలకపోవడమే చదువు. పిల్ల చెవులు వాల్చి పడుకుంది.

చుక్కమ్మ గడ్డి మొలిచిన దారిన కొంత దూరం వెళ్లి, ఇంకా పచ్చగా ఉన్నచోట కాలు పెట్టింది. గుంటలో పడింది. ముందుకాలు మెలిపడింది. అంచులు నున్నగా ఉన్నాయి, ఎక్కితే జారుతోంది. పైకి చూస్తే చారెడు ఆకాశం, ఆ ఆకాశం అంచున తన చిలక. కొండల వైపు నల్లగా ఉంది. గాలిలో కొత్తనీటి వాసన వచ్చింది.

"చిలకా, గూట్లో చెప్పు," అంది ఊపిరాడక. "గుంటలో పడ్డాను. నన్ను తియ్యకపోయినా ఫరవాలేదు. కొండల మీద వాన పడుతోంది, ఇంకాసేపటికి వాగు వచ్చేస్తుంది. పిల్ల ఇసుకలో పడుకుని ఉంది, నేనొచ్చేదాకా లేవదు. ఎవరైనా వెళ్లి దాన్ని గట్టెక్కించండి. అంతే చాలు."

చిలక వెళ్లి వచ్చింది. "అందరూ రెక్కలెత్తారమ్మా. నక్కగారైతే రెండు రెక్కలూ."

"ఏమన్నారు?"

చిలక గొంతు సవరించుకుంది. మొదట చెవులమ్మ గొంతు. "అయ్యో చుక్కమ్మా, వినగానే నా చెవులు వాలిపోయాయే. ధైర్యంగా ఉండు. పిల్లలకి మేత పెట్టే వేళైంది, వస్తా మరి."

తర్వాత భల్లయ్య గొంతు. "కంగారు పడకూడదు తల్లీ. కాలు మెలిపడితే తేనెలో వేపాకు నూరి పట్టు వెయ్యి. సరే, వస్తా."

తర్వాత పింఛయ్య. "నీ బాధ చూడలేకపోతున్నాను. నీ కోసమే ఇవాళ ఆడబోతున్నాను. మబ్బు కూడా కుదిరింది. వస్తా."

చివర సంధానయ్య. "ఈ ఘటన మన గూటిని కలచివేసింది. చుక్కమ్మ మన ఆడపడుచు. గూడంతా ఆమె వెంటే. వస్తాను."

చుక్కమ్మ కళ్లు తడిశాయి. "అందరూ వస్తున్నారన్న మాట."

"ఆ మాటే అన్నారమ్మా. నేను ఒక్క అక్షరం కూడా జారవిడవలేదు."

నిజమే, జారవిడవలేదు. చిలక మాటను మోసుకొచ్చింది. తోకను మోసుకురావడం దానికి చేతకాదు.

చుక్కమ్మ ఎదురు చూసింది. ఆకు కదిలితే చెవులమ్మ గెంతు అనుకుంది. కొమ్మ విరిగితే భల్లయ్య అడుగు అనుకుంది. అందరూ కలిసి పిల్లను గట్టెక్కిస్తున్నట్టు, పింఛయ్య దానికి పింఛం పట్టి నీడ చేస్తున్నట్టు ఊహించుకుంది. ఎంత బాగుందో ఆ ఊహ. ఇంతలో కొండల వైపు నుంచి మొదటి ఉరుము దొర్లుకుంటూ వచ్చింది.

"ఎంతదాకా వచ్చారో చూసిరా."

చిలక చూసి వచ్చింది. "చెవులమ్మ పడుకుంది. భల్లయ్యగారు నీ గురించే బాధపడుతూ తేనె తాగుతున్నారు. పింఛయ్య ఆడుతున్నాడు, ఇవాళ బాగా కుదిరింది."

"నక్కగారు?"

"నీ కోసం అందరూ ఒకేసారి రెక్కలెత్తే కార్యక్రమం పెట్టారు. సాయంత్రం."

చుక్కమ్మకి అప్పుడు తెలిసింది, వాళ్లు అన్న వస్తా ఏ వస్తానో. తన పిల్లకి తను చెప్పిన వస్తా మాత్రం వేరు. ఆ ఒక్క మాటనే పట్టుకుని, పిల్ల ఇసుకలో కదలకుండా పడుకుని ఉంది.

అంతలో గడ్డిలో గరగరమని చప్పుడైంది.

"చుక్కమ్మా, ఎక్కడున్నావు? ఇవాళ తేలిపోవాలి." గుంట అంచు మీద గరగరయ్య మూతి కనపడింది. "ఓహో, నన్ను చూసి దాక్కున్నావా?"

"దాక్కోలేదు, పడ్డాను."

"ఏదో ఒకటి. నా చప్పుడు నీ పిల్లకి పడదని గూట్లో అన్నావట. ఆ రోజు నీ గుమ్మంలో అంతసేపు కూర్చున్నానే, అప్పుడు నోరు పెగల్లేదా? నా మొహం మీద అంటే నేనేం చేస్తాను, నిన్ను పొడిచేస్తానా?"

"అన్నాను గరగరయ్యా. నీ దుంపల కక్కుర్తి గురించి కూడా అన్నాను. ఎంత తిడతావో తర్వాత తిట్టు. పిల్ల వాగులో ఉంది. నేనొచ్చేదాకా లేవదు."

గరగరయ్య మూతి పైకెత్తి కొండల వైపు గాలి పీల్చాడు. ఇంకేమీ అడగలేదు.

"పోతున్నా" అని వెనక్కి తిరిగాడు. ముళ్ల చప్పుడు దూరమైపోయింది.

చుక్కమ్మ మట్టికి నుదురు ఆనించింది. వస్తానన్నవాళ్లు రాలేదు, వచ్చిన ఒక్కడూ పోతున్నానన్నాడు. గుంటలోంచి వాగు కనపడదు, వినపడుతుంది. ముందు ఎవరో దూరంగా చాప ఈడుస్తున్నట్టు వినపడింది. ఆ తర్వాత నేలంతా అదిరింది. ఆమె పిల్లను పేరు పెట్టి పిలిచింది. ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు.

ఎంతసేపటికో అంచు మీద మళ్లీ మూతి కనపడింది. ఒళ్లంతా బురద.

"గుట్ట మీదుంది," అన్నాడు గరగరయ్య రొప్పుతూ. "పొద దగ్గరికి వెళ్లి ఒళ్లు దులిపాను. నువ్వన్నది నిజమే, గుట్టెక్కేదాకా వెనక్కి చూడలేదు. నా కాళ్లు తడిసేలోగా నీళ్లొచ్చేశాయి. అది సరే. అది వేరే సంగతి. మొహం మీద ఎందుకనలేదో ముందు చెప్పు."

అడుగుతూనే గుంట ఒక పక్క గోళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. తిడుతూ తవ్వాడు, తవ్వుతూ తిట్టాడు. తిట్టు ఆగినప్పుడల్లా తవ్వడం కూడా ఆగుతోంది. అది కనిపెట్టి చుక్కమ్మ మధ్యమధ్యలో "నీ కూత మాత్రం తక్కువా?" అని ఒక ఎదురుమాట విసిరేది. చీకటి పడకముందే ఆమె ఎక్కి రాగలిగినంత వాలు తయారైంది.

గుట్ట మీద పిల్ల తల్లి పొదుగులోకి మూతి దూర్చింది. గరగరయ్య కాసేపు అటు చూసి, ఇంకా చాలా తిట్టవలసింది మిగిలిపోయిందని గొణిగి, "పోతున్నా" అన్నాడు. ఆ మాట అంత చల్లగా ఉంటుందని చుక్కమ్మకి అంతకుముందు తెలియదు.

మర్నాడు గూట్లో పండగ. "మన గూటి ఐకమత్యం వల్ల చుక్కమ్మ బయటపడింది" అని సంధానయ్య ప్రకటించాడు. రెక్కలే రెక్కలు.

"నన్ను తీసింది గరగరయ్య," అని చుక్కమ్మ చెప్పించింది. "మీరు వస్తామన్నారు. ఒక్కరూ రాలేదు."

ఈసారి ఒక్క రెక్కా లేవలేదు. తర్వాత చెవులమ్మ నొచ్చుకుంది. "వస్తా అంటే వస్తానని ఎవరన్నారమ్మా? అది మర్యాద. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు. గుంటలోకి మీ తోకలు కనపడలేదు. ఇక నేను పోతున్నా."

అంత శుభసందర్భంలో అంత అశుభపు మాట అన్నందుకు ఆమెను గూట్లోంచి తీసేశారు. అందరూ కలిసి భరించారు ఆ దుఃఖాన్ని. పింఛయ్య ఆడాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ సంధానయ్యకి ఆ గుంట అంచున తను నిలబడితే, "చెమ్మగిల్లిన కళ్లతో గుంటను చూస్తున్న పెద్దగారు" అని చిలకలు అడవంతా చెబుతాయని ఆశ పుట్టింది. చాన్నాళ్ల తర్వాత ఇల్లు కదిలాడు. చిలకలు ముందు ఎగురుతూ "ఇప్పుడు ఎడమ కాలు వేశారు" అని చెబుతున్నాయి. ఆయన చుక్కమ్మ గుంట దాకా చేరనే లేదు. దారిలో, కనపడకుండా పోయిన గుంటల్లో ఒకటి ఆయనకి కనపడకుండానే దొరికింది.

"పడ్డారు" అని చిలకలు చెప్పాయి. అందరూ రెక్కలెత్తారు. చెవులమ్మ "అయ్యో పెద్దగారూ, వస్తా" అంది. భల్లయ్య వేపాకు చెప్పి "వస్తా" అన్నాడు. పింఛయ్య మబ్బు కోసం చూశాడు.

ఆ మాట విలువ సంధానయ్యకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

"వాళ్ల తోకలు ఎటున్నాయి?" అని చిలకను అడిగాడు.

"అది మా పని కాదండీ."

"అయితే గరగరయ్యకి చెప్పు."

"ఆయనకి చిలక లేదండీ. తమరే తీయించారు."

"చుక్కమ్మకి?"

"తమరే."

ఇక చేసేదేమీ లేక సంధానయ్య మూతి పైకెత్తి తన సొంత గొంతుతో ఊళ వేశాడు. ఎన్నాళ్లయిందో ఆ గొంతు వాడి. తేనె ఏమీ లేదందులో. మేతకి వచ్చిన చుక్కమ్మకి అది వినపడింది. వచ్చి గుంట అంచున నిలబడింది. ఆయన ఆమె కళ్లలోకి చూడలేక ముందు మట్టిలోకి చూశాడు, తర్వాత వేరే దారి లేక చూశాడు.

"చెల్లెమ్మా" అన్నాడు.

చుక్కమ్మ నేరుగా గరగరయ్య కలుగు దగ్గరికి వెళ్లింది.

"నక్క గుంటలో పడ్డాడు."

"పడనీ."

"తియ్యవా?"

"నాకు వాడి మీద కోపమేమీ లేదు," అన్నాడు గరగరయ్య దుంప కొరుకుతూ. "గూట్లోంచి తీసేసి మేలే చేశాడు, ఆ చిలక నా దుంపలన్నీ తినేసేది. కోపం లేనివాడి దగ్గరికి పనిగట్టుకుని ఎవరు నడుస్తారు?"

చుక్కమ్మ కాసేపు ఆలోచించింది. "నీ ముళ్లు చీపురు కట్టడానికి కూడా పనికిరావన్నాడు."

నక్క ఆ మాట అన్నాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గరగరయ్య ముళ్లన్నీ మాత్రం ఒక్కసారిగా లేచాయి.

"అన్నాడా? మొహం మీద అనమను చూద్దాం" అని దుంప పారేసి, గరగరమంటూ గుంట వైపు నడిచాడు.

పొద్దు వాలేసరికి సంధానయ్య బయటికి వచ్చాడు, తిట్లు తిని తిని చెవులు వాలిపోయి. పైకి ఎక్కడానికి తనూ గీరుకోవలసి వచ్చింది గనక ఆయన గోళ్లకి మొదటిసారి మట్టి అంటింది. ఆ రాత్రే గూట్లో తన ధైర్యం గురించి ఏదో చెప్పుకున్నాడట. ఎన్ని రెక్కలు లేచాయో చుక్కమ్మకి తెలియదు. అది పున్నమి. ఆమె మడుగు గట్టున కూర్చుని, ఆఖరి దుంప ఎవరిదని గరగరయ్యతో పోట్లాడుతోంది. పిల్ల ఆ గరగరలోనే నిద్రపోయింది.

ఇంతకీ ఈ కథ విన్నవాళ్లు గుర్తుంచుకోవలసిందేమిటంటే, వస్తామనే ఆప్తులు అడవి నిండా ఉన్నా సరే, నడిచొచ్చి తిట్టేంత దూరంలో ఒక్క పగవాడినైనా ఉంచుకోవాలి.